పెళ్లి గుర్రం నడక

మొన్న ఏలూరులో ఎముకల డాక్టరమ్మ నా రెండు మోకాళ్ల ఎక్స్‌రేలు కంప్యూటరులో పెట్టుకుని చాలాసేపు చూసింది. కుడిది ఒకప్పుడు విరిగి అతుక్కున్న మోకాలు. ఎడమది ఏ దెబ్బా ఎరగనిది. ఆ అమ్మాయికి వింతగా తోచిందేమిటంటే, విరిగింది ఇంకా గట్టిగానే ఉంది, విరగనిదే అరిగిపోయింది. నన్ను బల్ల మీద పడుకోబెట్టి, కుడి కాలు మడిచి, మడమ తొడ వెనక్కి ఎంతవరకూ వస్తుందో చూసింది. పూర్తిగా వచ్చింది. "అప్పట్లో మీకు ఎక్సర్‌సైజులు ఎవరు చేయించారండీ?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే పక్క కుర్చీలో ఉన్న మా ఆవిడ ఒళ్లో సంచీ సర్దుకుంటూ, "నా సవతి చేయించిందండీ" అంది. డాక్టరమ్మ నా వంక ఒకసారి, ఆవిడ వంక ఒకసారి చూసింది. మాత్రలు రాసి పంపించేసింది. బయట బెంచీల నిండా జనం. ఆ గదిలో నిలబడి చెప్పగలిగే సంగతి కాదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ఆ సవతికి నాలుగు కాళ్లు, ఒక తోక. తెల్లటి ఆడ గుర్రం. మా నాన్న తాడేపల్లిగూడెం స్టేషను దగ్గర జట్కా తోలేవాడు. ఆటోలు వచ్చాక జట్కా ఎక్కేవాళ్లు లేకుండా పోయారు. ఆయన కాలం చేశాక నేను బండి అమ్మేసి, పెళ్లి ఊరేగింపుల కోసం ఈ గుర్రాన్ని తెచ్చుకున్నాను. కొల్లేటి పక్క చేపల చెరువులు తవ్వాక అక్కడి పెళ్లిళ్ల రూపే మారిపోయింది. ఆకివీడు చుట్టుపక్కల పెళ్లికొడుకు గుర్రం మీద రాకపోతే పెళ్లే కాదన్నట్టు ఉండేది. పెళ్లి గుర్రానికి పాఠాలు రెండే. మేళం నెమ్మదిగా సాగుతుంటే ఒక అడుగు వేసి ఆగాలి, మళ్లీ ఒక అడుగు వేసి ఆగాలి. ముందు ఆడవాళ్లు పళ్లేలు పట్టుకుని నడుస్తుంటారు కదా, వాళ్లని దాటిపోకూడదు. దరువు జోరందుకుంటే ముందు కాళ్లు లేపి ఆడాలి. అంతకు మించి దానికి చదువు లేదు, అప్పటికి నాకూ లేదు. ఇక గుర్రం వాడికి ఉన్న పద్ధతి ఒకటే, వాడు గుర్రం ఎక్కడు. పగ్గం పట్టుకుని పక్కన నడవడమే వాడి పని. అన్నేళ్లు దాన్ని సాకి కూడా నేను దాని వీపు మీద కూర్చున్నది ఎప్పుడో ఒకసారి.

మా ఆవిడకి అదంటే కిట్టేది కాదు. పెట్టేదంతా దానికే అని సణిగేది. అది అబద్ధం. ఉడికిన ఉలవలు దానికి, ఆ నీళ్లతో కాచిన ఉలవచారు మాకు. ఒకే కుండలోది ముగ్గురమూ తిన్నాం.

ఒక ఏడు మాఘమాసంలో ఆకివీడు అవతల లంక ఊళ్లో పెళ్లి. అంతా అయ్యేసరికి తెల్లవారింది. మమ్మల్ని తెచ్చిన వ్యాను చేపల పెట్టెలు ఎత్తుకోవడానికి పోయింది, డ్రైవరు పెద్ద రోడ్డు మీద కలుస్తానన్నాడు. రోడ్డుదాకా చెరువు గట్ల మీదుగా నడవాలి. అప్పటికే కాళ్లు పీకుతున్నాయి. చూసేవాళ్లు ఎవరూ లేరు కదా అని ఎక్కి కూర్చున్నాను. నేను పుట్టి పెరిగింది ఈ చుట్టుపక్కలే, కానీ ఆ ఎత్తు నుంచి కొల్లేరు ఎప్పుడూ చూసి ఎరగను. మంచు లేస్తోంది. నీళ్లు ఎక్కడ ఆగాయో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. ఆ తెలుపులోనే గూడబాతులు, ఒక్కొక్కటి మా ఇంటి అరుగంత, అలికిడి లేకుండా తేలుతున్నాయి. పెళ్లికొడుకులు ఇంత చూశారా అనుకున్నాను. పాపం, వాళ్లకి మెడలో దండల బరువుకి ఏం కనబడి ఉంటుంది?

ఆ గట్టు చివర చెరువు కాపలా మనిషి ఉన్నాడు. నీటికాకులు దిగి చేపపిల్లల్ని ఎత్తుకుపోకుండా ఖాళీ నూనె డబ్బా వాయించడం అతని పని. ఆ వాయింపుకి తాళం అక్కర్లేదు, మోత వస్తే చాలు. అయితే అతనూ రాత్రి ఆ పెళ్లిలో ఉన్నవాడే. బ్యాండు వాళ్ల దరువు ఇంకా అతని చేతుల్లోంచి దిగలేదు. పక్షుల్ని తోలాల్సిన డబ్బా మీద ఆ దరువే ఎత్తుకున్నాడు, అదీ మంచి జోరు మీద. నా గుర్రం చెవులు నిక్కబొడుచుకుంది. మళ్లీ ఊరేగింపు మొదలైందనుకుంది. మంచుకి తడిసి జారుతున్న నల్లరేగడి గట్టు మీద ముందు కాళ్లు లేపి ఆట మొదలుపెట్టింది. పగ్గం పట్టుకుని నడవడమే వచ్చినవాణ్ని, మీద కూర్చోవడం నాకేం తెలుసు? జారిపోయి తూము దగ్గర సిమెంటు దిమ్మకి మోకాలు కొట్టుకుని పడ్డాను.

ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు జలదరించేది ఆ దెబ్బకి కాదు. నేను దాని కాళ్ల మధ్య పడి ఉన్నాను. కాపలా మనిషి మాకు వీపు పెట్టి చెరువు వంక చూస్తున్నాడు కనుక డబ్బా ఆగలేదు. డబ్బా ఆగలేదు కనుక గుర్రమూ ఆగలేదు. లాడాలు నా చెవి పక్కన పడుతున్నాయి, లేస్తున్నాయి, బురద మొహాన కొడుతోంది. అంత ఇరుకు గట్టు మీద ఒక్క గిట్ట నా ఒంటికి తగల్లేదు. తలకాయ వంచి నన్ను చూస్తూ, నన్ను తప్పించుకుంటూ ఆడింది. నొప్పి సంగతి మరిచి నోరు వెళ్లబెట్టి చూశాను. నా కేక విని అతను డబ్బా పారేసి పరుగెత్తుకొచ్చాడు. నన్ను దోనెలో రోడ్డుదాకా చేర్చిందీ అతనే. దారి పొడుగునా ఒకటే మాట, "పక్షులు కూడా ఎగరలేదండీ, మీ గుర్రాన్నే చూస్తూ ఉండిపోయాయండీ."

ఏలూరులో పెద్దాసుపత్రి వాళ్లు కట్టు కట్టి మంచానికి అప్పగించారు. మంచం మీద మగవాడు ఇంటికి ఎంత బరువో మా ఆవిడకి అప్పుడు తెలిసింది. నా నసుగుడు భరించలేక ఒక పలక తెచ్చి ఒళ్లో పడేసింది. ఆవిడ మిషన్ బళ్లో ఐదో క్లాసుదాకా చదివింది. నాకు అక్షరాలు వచ్చింది ఆ మంచం మీదే, మనవల్ని ఎత్తుకోవలసిన వయసులో. సరే, కట్టు విప్పారు. లోపల మోకాలు కొయ్యలా ఉంది, అటు కదలదు ఇటు కదలదు. అప్పటి డాక్టరుగారు పెద్దాయన, మొహమాటం లేని మనిషి. రోజూ కొద్దికొద్దిగా వంచుకోవాలి, లేకపోతే జన్మంతా అలాగే బిగుసుకుపోతుందని చెప్పేశారు. ఆసుపత్రిలో కాళ్లు వంచే గదికి రెండుసార్లు వెళ్లాను. ఆ నొప్పి నావల్ల కాలేదు. మూడోసారి బస్సు తప్పిపోయిందన్నాను. ఆ తరవాత ఏమీ చెప్పకుండానే మానేశాను.

కాలు ఈడ్చేవాణ్ని ఊరేగింపు ముందు ఎవరు నడిపించుకుంటారు? గుర్రం వాడు కుంటితే గుర్రమే కుంటుతున్నట్టు కనబడుతుంది. అది కట్టుకొయ్య దగ్గర నిలబడి నిలబడి, కాళ్లకి నీరు దిగి, ఉలవలు ముందు పెట్టినా వాసన చూసి వదిలేసేది. మా బావమరిది మంచివాడే, అక్క కష్టం చూడలేక గుర్రాన్ని కొనడానికి నల్లజర్ల నుంచి ఒకాయన్ని మాట్లాడుకొచ్చాడు. ముహూర్తాలు మొదలయ్యేలోపు నేను నడిచానా సరే, లేకపోతే ఆయన వచ్చి తోలుకుపోతాడు. నేను తల ఊపాను. ఊపి గోడ వైపు తిరిగి పడుకున్నాను.

మర్నాడు పొద్దున మా ఆవిడ పంపు దగ్గర అంట్లు తోముతోంది. సత్తు పళ్లేనికి మాడు అంటుకుంటే గరిటె కాడతో కొడుతోంది. ఆవిడ చేతికి వచ్చిన దరువు ఒక్కటే, ఆదివారం చర్చిలో వేసే నెమ్మది తాళం. ఏ పని చేసినా అదే వస్తుంది. కట్టుకొయ్య దగ్గర గుర్రం ఒక అడుగు వేసి ఆగింది. ఆవిడ మళ్లీ కొట్టింది. ఇంకో అడుగు, మళ్లీ ఆగడం. ఆవిడ పళ్లేన్ని చూసింది, గుర్రాన్ని చూసింది, మంచం మీద నన్ను చూసింది. చేతులు తుడుచుకుని వెళ్లి తాడు విప్పి, దాన్ని తెచ్చి నా మంచం పక్కన నిలబెట్టింది.

"డాక్టరుగారి మాట వినరు. నా మాట ఎప్పుడూ విన్నది లేదు. నా సవతి మాటైనా వినండి. లేవండి."

లేచాను. కుడి చెయ్యి దాని జూలులో, ఎడమ చేతిలో కర్ర. వెనక మా ఆవిడ పళ్లెం, గరిటె. ఇంటి గుమ్మం నుంచి వీధి మలుపుదాకా, అడుగు వేసి ఆగడం, అడుగు వేసి ఆగడం. పెళ్లికొడుకు లేని ఊరేగింపు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. గుర్రానికి బాప్తిస్మం ఎప్పుడిచ్చారండీ అని ఒకాయన అడిగాడు. పక్కింటి పిన్నిగారు అక్షింతలు తెచ్చి నిజంగానే మా మీద చల్లింది. నాకు చచ్చేంత సిగ్గు. మా ఆవిడకి అలాంటిదేమీ లేదు. రోజూ నడిపించింది. నొప్పికి నేను తిట్టే తిట్లు వినబడకుండా పళ్లెం ఇంకాస్త గట్టిగా కొట్టేది.

ఒకరోజు నడుస్తుండగా ఎవరో పలకరిస్తే ఆవిడ వాయించడం ఆపి మాటల్లో పడింది. గుర్రం ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. అడుగు వేసింది. నేను కాలు ఈడ్చుకుని దాని గిట్ట పక్కకి తెచ్చేదాకా నిలబడింది. నా కాలు నేల మీద ఆనగానే ఇంకో అడుగు వేసింది. పరీక్షకని నేను కావాలని కదలకుండా ఉన్నాను. అదీ కదల్లేదు. తల పక్కకి తిప్పి కిందకి, నా మోకాలి వైపు చూసింది. కాలు వేశాను, అడుగు వేసింది. అన్ని రోజులూ అది పళ్లెం చప్పుడుకి నడుస్తోందనుకున్నాం. ఎప్పటినుంచో తెలియదు, అది నా కాలు కోసం ఆగుతోంది. ఎవరు నేర్పారు దానికి? నేను నేర్పలేదు. వెనక్కి తిరిగి చూస్తే మా ఆవిడ పళ్లెం పొట్టకి ఆనించుకుని నిలబడి ఉంది. ఆవిడా చూసింది. ఆ రోజు ఇంటికొచ్చాక ఎప్పుడూ లేనిది బెల్లం ముక్క తీసుకెళ్లి దాని నోటికి అందించి, నేను చూస్తున్నానని గమనించి, పాతదైపోయిందిలెండి అని తప్పుకుంది.

నడక వచ్చింది గానీ మోకాలు మాత్రం పూర్తిగా వంగలేదు. నల్లజర్ల ఆయన రావలసిన వారం వచ్చేసింది. ఒక సాయంత్రం గిట్టలు శుభ్రం చేద్దామని కూర్చున్న చోటునుంచి లేచాను. అన్నాళ్లూ ఆ పని బావమరిది చేశాడు, సగం మట్టి అలాగే వదిలేసేవాడు. దాని భుజానికి వీపు ఆనించి, ముందు కాలు ఎత్తి నా మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాను. కాలు ఎత్తితే ఆ పక్క బరువు మనిషి మీద వేస్తుంది, ఏ గుర్రమైనా అంతే. ఇదీ వేసింది. ఒక్కసారిగా కాదు, నెమ్మదిగా, దాని ఊరేగింపు నడకలాగే, కొంచెం వేసి ఆగి, మళ్లీ కొంచెం వేసి ఆగి. నేను దిగిపోతున్నాను. గిట్ట వదలలేను, పక్కకి తప్పుకోలేను. మోకాలి లోపల ఏదో టప్పుమంది. నా అరుపుకి మా ఆవిడ గరిటె పట్టుకుని గుర్రాన్ని బాదడానికి వచ్చింది. వచ్చి, ఎత్తిన చెయ్యి అలాగే ఉంచేసింది. నేను గొంతుక్కూచుని ఉన్నాను. రెండు మోకాళ్లూ ముడుచుకుని, అందరు మనుషుల్లాగా.

"వంగిందండీ," అంది నెమ్మదిగా. అని నేల మీద కూలబడిపోయింది.

లోపల అతుక్కున్నది విడిపోయి ఉంటుందని డాక్టరుగారు అన్నారు. అదృష్టం బాగుండి సరిపోయింది, ఇంకోసారి ఇలాంటి వేషాలు వేయవద్దని చీవాట్లు పెట్టారు. ఆయన చెప్పిన కారణం సబబే. నేను చూసింది కూడా నిజమే. నల్లజర్ల ఆయన వ్యానుతో వచ్చిన పొద్దున నేనే పగ్గం పట్టుకుని కర్ర లేకుండా గుర్రాన్ని గుమ్మం ముందుకి తెచ్చాను. మా ఆవిడ ఆయనకి మజ్జిగ ఇచ్చి, "ఏమీ అనుకోకండి బాబూ, ఇంకోచోట చూసుకోండి. దీనికి మా ఇంట్లో ఇంకా పనుంది" అంది. ఆయన మజ్జిగ తాగి, గుర్రం మెడ నిమిరి, ఏమీ అనుకోకుండానే వెళ్లాడు. తరవాతి పెళ్లి మళ్లీ ఆ లంక ఊళ్లోనే. ఊరేగింపు ముందు నడుస్తుంటే జనంలో కాపలా మనిషి కనబడ్డాడు. ఖాళీ చేతులు రెండూ పైకెత్తి చూపించాడు, డబ్బా లేదని.

ఆ గుర్రం పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటి పెళ్లికొడుకులు పైకప్పు లేని కార్లలో వస్తున్నారు, వాటికి ఆగడం రాదు. మొన్న నేనూ మా ఆవిడా ఏలూరు ఆసుపత్రి మెట్లు దిగుతుంటే వెనకాల వాళ్లు తప్పుకోమన్నట్టు చూశారు. మేము ఒక మెట్టు దిగి ఆగాం, మళ్లీ ఒక మెట్టు దిగి ఆగాం. ఈసారి మోకాలు పట్టేసింది ఆవిడకి. ఆవిడ కాలు నా కాలి పక్కకి వచ్చేదాకా నేను కదల్లేదు. "పెళ్లి నడక నేర్చుకున్నారు," అంది. ఇన్నేళ్లలో ఎన్నో నన్ను దాటుకుని ముందుకు పోయాయి. తాడేపల్లిగూడెం వీధిలో గుర్రం తల పక్కకి తిప్పి నా కాలు కోసం చూసిన ఆ ఒక్క ఉదయం మాత్రం ఎక్కడికీ పోలేదు, నేను వచ్చేదాకా అక్కడే నిలబడి ఉన్నట్టుంది.