దిగబడే క్లెమ్

క్లెమ్ హాగర్టీ బండి ఇసుకలో దిగబడని ట్రిప్పంటూ లేదు. వీపున సంచులు తగిలించుకుని దేశాలు తిరిగే కుర్రకారును ఆయన ఇరవై రెండేళ్ళుగా గరి దీవికి తీసుకెళ్ళి, మూడు రోజులు గుడారాల్లో ఉంచి, వెనక్కి తెస్తున్నాడు. దీవంతా ఇసుకే. సముద్రపు ఒడ్డే అక్కడ రోడ్డు. మొదటి రోజు మధ్యాహ్నం తిండి వేళకు క్లెమ్ బండి ఇరుసుదాకా కూరుకుపోవాల్సిందే. దాన్ని చూసి మిగతా గైడ్లు గడియారాలు సరిచేసుకుంటారని రేవులో చెప్పుకునేవారు.

ఐలీకి ఈ సంగతి ముందు తెలియదు. గ్లాస్గో నుంచి ఊళ్ళు చూద్దామని ఒక్క సంచితో బయల్దేరిన ఆ పిల్ల, దీవి నచ్చి ఆ సీజనుకి అక్కడే ఆగిపోయింది. క్లెమ్ వెనకాల రెండో బండి నడిపే పని దొరికింది. మొదటి ట్రిప్పులో ముందు బండి గుర్రుమని అరిచి ఆగిపోతే, పాపం పెద్దాయన అనుకుంది. రెండో ట్రిప్పులో, మళ్ళీనా అనుకుంది. ఆరో ట్రిప్పుకి అనుకోవడం మానేసి నోటితోనే అనడం మొదలుపెట్టింది.

"పెద్దాయనా! ఎడమ పక్కంతా గట్టి నేలే కదా. అటు పోనివ్వకుండా ఏరి ఏరి ఈ మెత్తటి గుంటలోకే ఎందుకు దింపావు?"

క్లెమ్ టోపీ తీసి, రోగి నాడి చూసే డాక్టరులా చక్రం పక్కన కూర్చునేవాడు.

"నిన్న ఇక్కడ ఇసుక గట్టిగా ఉండేది, పిల్లా."

"నిన్న మనం దీవిలోనే లేం!"

"అదే మరి. మనం లేనప్పుడు గట్టిగానే ఉంటుంది."

తరవాత ఆయన చేసే పని చూస్తే ఐలీకి ఒళ్ళు మండేది. కండలు తిరిగిన కుర్రాళ్ళు నలుగురు ముందుకొచ్చినా వాళ్ళకి పార ఇచ్చేవాడు కాదు. గుంపులో ఎవరితోనూ మాట్లాడకుండా ఓ పక్కన నిలబడ్డ మనిషిని వెతికి మరీ పట్టుకుని, "ఇదిగో, ఇక నువ్వే ఇంజనీరువి. నువ్వు చెప్పినట్టే అందరూ వింటారు" అని పార చేతిలో పెట్టేవాడు. ఆ తరవాత సరుగుడు చెట్టు నీడకు పోయి ఫ్లాస్కులోని టీ వంపుకునేవాడు. ఒకసారి వయొలిన్ వాయించే పిల్లకి ఇచ్చాడు. ఇంకోసారి పార ఏ వైపు పట్టుకోవాలో తెలియని గుమాస్తాకి ఇచ్చాడు. పది నిమిషాల పని గంటన్నర పట్టేది.

తొమ్మిదో ట్రిప్పులో పార ఆస్గెర్‌కి దక్కింది. డెన్మార్క్ నుంచి వచ్చాడు. ఆరడుగుల ఆరంగుళాల మనిషి. పడవ ఎక్కింది మొదలు తల ఊపడం తప్ప నోరు విప్పలేదు. పార చూడగానే చెవులదాకా ఎర్రబడ్డాడు.

"నాకు రాదు" అన్నాడు.

"నాకూ రాదు. చూస్తున్నావుగా" అన్నాడు క్లెమ్, బండి వైపు చెయ్యి చూపించి.

దోయున్ అనే కొరియా కుర్రాడు రెండో పార పట్టుకుని పక్కన చేరాడు. ఇద్దరూ చెరో వైపు తవ్వి, ఒకడు తవ్విన ఇసుకని ఇంకొకడి గుంటలో పోశారు. అది చూసి అందరూ పడీ పడీ నవ్వారు. సాయంత్రానికి బండి పైకొచ్చింది. ఆస్గెర్ గొంతు కూడా పైకొచ్చింది. "తొయ్యండి! కాదు, కాదు, ఆగండి!" అని అరిచి అరిచి బొంగురు పోయింది.

మర్నాడు మధ్యాహ్నం రొట్టెలు పంచుతుంటే దోయున్ చుట్టూ చూశాడు.

"మా ఇంజనీరు ఏడీ?"

"నిద్రపోతున్నాడేమోలే" అన్నారెవరో.

"తిండి దగ్గర నిద్రపోయే మనిషి కాడు" అని దోయున్ వెతుక్కుంటూ వెళ్ళాడు. రెండు నిమిషాల్లో దిబ్బ వెనక నుంచి కేక వినిపించింది.

ఆస్గెర్ పడుకుని ఉన్నాడు. పెదాలు ఉబ్బి, కళ్ళు మూసుకుపోయి, ఊపిరి ఈలలా వస్తోంది. కందిరీగ కుట్టిందని, తనకది పడదని, ఎవరినీ ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక ఇటొచ్చి పడుకున్నానని గొణిగాడు.

రేడియోలో దీవి కాపలా చూసే రేంజర్ నెరిడా దొరికింది. "ఇంజెక్షన్ నా దగ్గరుంది, బండి మాత్రం అవతలి ఒడ్డుకి పోయింది. ఎలాగైనా అతన్ని మీరే తీసుకురండి!"

ఇరవై కిలోమీటర్లు. సముద్రం పోటు మీదుంది. గట్టి ఇసుకంతా నీటి కింద. మిగిలింది పైనున్న మెత్తటి ఇసుకే. క్లెమ్ తన బండి వైపు నడవడం చూసి ఐలీ అడ్డం వెళ్ళింది.

"నా బండిలో పోదాం! నువ్వు నడిపితే వీడు బతకడు!"

"ఎక్కు, పిల్లా."

అంతవరకు ఆయన గొంతు అలా వినలేదామె. గబుక్కున ఎక్కింది. వెనక సీట్లో దోయున్ ఆస్గెర్ తల ఒళ్ళో పెట్టుకుని ఏవో కొరియా మాటలు చెబుతూనే ఉన్నాడు.

బండి కదిలింది. ఐలీ ముందున్న కమ్మీ పట్టుకుని, ఇప్పుడు దిగబడుతుంది, ఇదిగో ఇక్కడ దిగబడుతుంది అనుకుంటూ కూర్చుంది. బండి దిగబడలేదు. దోసె మీద వెన్న జారినట్టు జారిపోయింది. అల వెనక్కి తగ్గిన క్షణం కిందికి దిగి, ముందుకొచ్చే క్షణం పైకెక్కి, అడ్డం పడ్డ చెట్లని పక్కకి తప్పించి, తనంత గొప్ప డ్రైవరు లేరనుకునే ఐలీ కూడా నోరు తెరిచేలా నడిపాడాయన. స్టీరింగు మీద ఆయన చేతులు టీ కప్పు పట్టుకున్నంత నిదానంగా ఉన్నాయి.

నెరిడా ఇంజెక్షన్ పట్టుకుని తన ఆఫీసు గుమ్మంలోనే నిలబడి ఉంది. వెంటనే అది పొడిచింది. కాసేపటికి ఈల సన్నగిల్లింది. ఆస్గెర్ కళ్ళు కాస్త తెరుచుకున్నాయి. రేడియోలో అవతలి వైపు డాక్టరు ఇంకేం భయం లేదనీ, వెంటనే హెలికాప్టరు పంపిస్తున్నామనీ, ఆస్పత్రిలో ఒక రోజు ఉంచుకుంటామనీ చెప్పాడు. దోయున్ నేల మీద కూలబడి, ఏడవబోయి నవ్వేశాడు. ఆస్గెర్ వాడి వైపు చూసి, "నా రొట్టె తినెయ్యలేదు కదా?" అన్నాడు.

ఐలీ క్లెమ్‌ని బయటికి లాక్కొచ్చింది.

"నీకు నడపడం వచ్చు!"

"నెమ్మదిగా, పిల్లా. ఎవరైనా వింటారు."

"ఇన్నేళ్ళూ కావాలనే దింపుతున్నావా?"

క్లెమ్ సముద్రం వైపు చూశాడు. "మొదట్లో బాగానే నడిపేవాణ్ణి. ఒక ట్రిప్పు ఎక్కడా ఆగకుండా చక్కగా జరిగింది. చివర్లో పడవ దగ్గర ఒక పిల్ల నా చెయ్యి పట్టుకుని, 'మూడు రోజుల్లో నాతో మాట్లాడింది నువ్వొక్కడివే' అంది. ఎనిమిది మంది ఒకే బండిలో తిరిగారు, తెలుసా? ఆ మాటతో నాకు అన్నం సహించలేదు. తరవాతి ట్రిప్పులో నిజంగానే దిగబడ్డాను. బండి బయటికొచ్చేసరికి ఒకళ్ళనొకళ్ళు పేరు పెట్టి పిలుచుకుంటూ సరదాగా తిట్టుకుంటున్నారు." భుజాలు ఎగరేశాడు. "పోటు అందని చోటు చూసుకునే దింపుతాలే."

ఐలీ ఆయన టోపీ లాగి కళ్ళ మీదకి దించింది.

హెలికాప్టరు వెళ్ళాక, పోటు తగ్గి గట్టి ఇసుక బయటపడ్డాక ముగ్గురూ వెనక్కి బయల్దేరారు. గుడారాల దగ్గరికి రాగానే అందరూ బండిని చుట్టుముట్టారు. ఆస్గెర్ క్షేమమని విని ఒకళ్ళనొకళ్ళు వాటేసుకున్నారు. ఊపిరి తీసుకున్నాక ఎవరో అడగనే అడిగారు.

"ఇంతకీ దారిలో ఎన్నిసార్లు దిగబడ్డారు?"

క్లెమ్ బూట్ల వైపు చూసుకున్నాడు. దోయున్ ఏదో చెప్పబోయాడు. ఐలీ వాడి కాలు తొక్కింది.

"మూడుసార్లు!" అంది. "వెళ్ళేటప్పుడు రెండు, వచ్చేటప్పుడు ఒకటి. తవ్వలేక మా నడుములు పడిపోయాయి!"

అందరూ గొల్లున నవ్వారు. "అంత కంగారులో కూడానా, క్లెమ్!" అంటూ వీపు చరిచారు. ఆయన తల వంచుకుని, "నిన్న గట్టిగానే ఉండేది" అని గొణిగాడు.

గుంపు చెదిరాక ఐలీ దగ్గరికి వచ్చి, చిన్నబుచ్చుకున్న మొహంతో మెల్లిగా అన్నాడు.

"మూడెందుకు, పిల్లా? రెండంటే సరిపోయేదిగా!"