ఎదురెదురు పంపులు

విజిలాయన ముప్పై ఒక్క ఏళ్ళు ట్రాఫిక్ పోలీసుగా నాలుగు రోడ్ల కూడలిలో నిలబడ్డాడు. ఎండలో నిలబడ్డాడు, వానలో నిలబడ్డాడు, పెద్దవాళ్ళ కార్లు ఎర్ర లైటు దాటి దూసుకుపోతుంటే వాటికి సెల్యూట్ కొడుతూ కూడా నిలబడ్డాడు. చివరి రోజున పై అధికారులు ఆయన చేతిలో ఒక గోడ గడియారం పెట్టి, ఇక ఇంటికెళ్ళి హాయిగా కూర్చోమన్నారు. ఆయనకు చేతకాని పని అదొక్కటే. మోకాళ్ళు కూర్చోమంటాయి, మనిషి ఒప్పుకోడు. రోజుకు నలభైసార్లు కిటికీ దాకా నడిచి, వీధిలోకి చూసి, "ఆ స్కూటరువాడు ఎటు చూసి నడుపుతున్నాడో" అని గొణిగి, మళ్ళీ గుమ్మం దాకా నడిచేవాడు.

ఆ ముందు గదిలోనే కుట్టుమిషను వేసుకుని కర్టెన్లు కుట్టే భార్యకు ఈ పహరా ప్రాణం మీదకు వచ్చింది.

"ఏవండీ, కిటికీ ఎక్కడికీ పారిపోదు. కాసేపు కూర్చోండి."

"కూర్చుని ఏం చూడను?"

"నన్ను చూడండి."

ఆయన బుద్ధిగా కూర్చుని చూశాడు. అర నిమిషం. మళ్ళీ లేచాడు.

మోకాళ్ళ వైద్యానికి వెళ్ళే దారిలో చేపల దుకాణం ఒకటుంది. ఒకరోజు నొప్పి ఎక్కువై దాని లోపలున్న స్టూలు మీద కూలబడ్డాడు. ఎదురుగా ఉప్పునీటి తొట్టె. అందులో నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న రెండు క్లౌన్ చేపలు. ఒకటి బొద్దుగా, ఒకటి సన్నగా. బొద్దుది ఎటు తిరిగితే సన్నది అటు. ఆయన ముప్పావు గంట కదలకుండా కూర్చున్నాడు. ఆ సంగతి ఇంటికొచ్చాక తెలిసి ఆయనే ఆశ్చర్యపోయాడు.

అది మొదలు ఆర్నెల్లు. వైద్యం మూడో నెలలోనే ముగిసింది. ఆయన మాత్రం వెళ్ళడం మానలేదు.

దుకాణం నడిపే ఆవిడకు నలభై దాటి ఉంటాయి. మొదట్లోనే ఖచ్చితంగా చెప్పేసింది. "బాబాయిగారూ, ఈ జంటని గుడ్లలోంచి నేనే పెంచాను. మొదటి నెలంతా రోజుకి ఆరుసార్లు మేత వేశాను. ఎవరు పడితే వాళ్ళకి ఇవ్వను."

"నేను అడగలేదమ్మా. చూస్తున్నానంతే."

చూసీ చూసీ చివరికి అడిగాడు. ఆమె షరతులు పెట్టింది. నూట యాభై లీటర్ల తొట్టె కొనాలి. ఉప్పు కొలిచి కలపాలి. రాళ్ళు పేర్చి, ఇసుక పరిచి, ఒక్క చేప కూడా లేకుండా ఆరు వారాలు ఆగాలి. ఖాళీ తొట్టె ముందు ఆరు వారాలు కూర్చోమంటే మామూలు మనుషులు పారిపోతారు. విజిలాయన కాగితం మీద రాసుకుని మరీ పాటించాడు. రూలు ఉందంటే ఆయనకు పెద్ద ధైర్యం. నీళ్ళు పరీక్షలన్నీ నెగ్గాయి. ఇక మిగిలింది నీళ్ళను తిప్పే పంపు.

"తొట్టెలో నీళ్ళు గంటకి పదిసార్ల నుంచి ఇరవైసార్ల దాకా తిరగాలి," అంది ఆమె. "మీ నూట యాభైకి లెక్కేస్తే గంటకి పదిహేను వందల నుంచి మూడు వేల లీటర్లు. కొత్తగా పెట్టేవాళ్ళు ఒకటే పెద్దది కొని బోల్తా పడతారు. మీరు రెండు చిన్నవి తీసుకోండి. ఏ మూలా నీళ్ళు ఆగిపోకూడదు. ఆదివారం పొద్దున వచ్చి చూస్తాను. నాకు నచ్చితే జంట మీది. లేదంటే పళ్ళ డాక్టరుగారు కూడా అడుగుతున్నారు, సాయంత్రం నాలుగున్నరకి వచ్చి పట్టుకెళ్తారు."

పళ్ళ డాక్టరు పేరు వినగానే ఆయనకు ఒళ్ళు మండింది. పళ్ళు పీకించుకోవడానికి వచ్చినవాళ్ళ ముందు ఆ చేపల్ని ఊరేగిస్తాడా!

అక్కడే కొనుక్కుంటే పోయేది. కానీ తోటలకు నీళ్ళ మోటార్లు అమ్మే అల్లుడొకడున్నాడు. వాడికి ఫోను చెయ్యడం ఆయన చేసిన మొదటి పొరపాటు.

"రెండు చిన్నవేంటి మావయ్యగారూ, మీ అమాయకత్వం గానీ! అది వాళ్ళ బేరం. మా స్నేహితుడి దగ్గర గంటకి పదివేల లీటర్లది ఉంది, పంపిస్తా. సముద్రమే వచ్చి మీ ఇంట్లో కూర్చుంటుంది."

నిజంగానే వచ్చి కూర్చుంది. పెట్టి స్విచ్చి వెయ్యగానే అడుగునున్న ఇసుక మొత్తం లేచి తొట్టె సున్నపునీళ్ళలా అయిపోయింది. ఒక ధార అద్దం దాటి, గోడకు తగిలి, కుట్టుమిషను మీద పరిచి ఉన్న హోటలువాళ్ళ కర్టెన్ల మీద పడింది. ఆయన స్విచ్చి దగ్గరికి పరిగెత్తాడు. మోకాళ్ళు ఆ రోజు నొప్పి సంగతే మరిచిపోయాయి.

భార్య తడిసిన గుడ్డను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుంది. "ఉప్పునీళ్ళకి ఈ రంగు దిగుతుందో లేదో చూడాలని నాకూ ఎన్నాళ్ళుగానో ఉంది లెండి."

"అల్లుడు చెప్పాడే..."

"అల్లుడు చెప్పాడని మీరు ఇంకే పని చేశారు ఇన్నేళ్ళలో? ఇదొక్కటే దొరికిందా?"

ఆయన ఆ పంపును విప్పి అటక మీద పెట్టాడు. మర్నాడే వెళ్ళి గంటకు పద్నాలుగు వందల లీటర్లు తోసే పంపులు రెండు తెచ్చాడు. ఒక్కోటి గుప్పెట్లో పట్టేంత. వెనక అయస్కాంతం ఉంటుంది, అద్దానికి అతుక్కుంటుంది. ఎక్కడ పెట్టాలో దుకాణమామెను అడగలేదు. ప్రవాహాన్ని నడిపించడం ఆయనకు ఒకరు నేర్పాలా? ఎడమ చివర ముందువైపు ఒకటి, కుడి చివర వెనకవైపు ఒకటి పెట్టాడు. ఇది అటు తోస్తే అది ఇటు తోస్తుంది. మధ్యలో రాళ్ళ గుట్ట, దాని చుట్టూ నీళ్ళు గుండ్రంగా, ఒకటే వరసలో, ఒకదానికొకటి అడ్డం రాకుండా.

"చూడవే, ఎంత పద్ధతిగా పోతున్నాయో," అన్నాడు భార్యతో. "ఒక్క బండి దారి తప్పలేదు."

ఆదివారం పది గంటలకు దుకాణమామె వచ్చింది. కాఫీ వద్దంది. సంచిలోంచి చిన్న సీసా తీసి, చిటికెడు చేపల మేత పొడి నీళ్ళలో వేసి, చేతులు కట్టుకుని నిలబడింది. పొడి రెండు చుట్లు చక్కగా తిరిగింది. మూడో చుట్టులో మెల్లగా రాళ్ళ వెనక్కి జారి, అక్కడే కూర్చుండిపోయింది. ఆమె వంగి చూసింది. అక్కడి ఇసుక మీద గోధుమరంగు జిగట పొర.

"ఇది ఎప్పట్నుంచి?"

"నాలుగు రోజులైంది. ఇసుక రంగేమో అనుకున్నా."

"మురుగు బాబాయిగారూ. గుండ్రంగా తిప్పడం తప్పని కాదు. మధ్యలో ఇంత గుట్ట పెట్టుకుని ఇంత చిన్న తొట్టెలో తిప్పితే దాని వెనక నీళ్ళు నిద్రపోతాయి. పంపులు మంచివే. రెండు గోడలకీ ఎదురెదురుగా పెట్టండి. రెండు ధారలూ వచ్చి ఢీకొట్టుకోవాలి."

విజిలాయన మొహం మాడిపోయింది. "ఢీకొట్టుకోవాలా?"

"అవును. అలా గుద్దుకుంటేనే నీళ్ళు చెల్లాచెదురై మూలమూలకీ పోతాయి."

"అమ్మా, నేను జీతం తీసుకుందే ఆ పని జరక్కుండా చూడ్డానికి."

ఆమెకు నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. "నాలుగింటికల్లా సరిచేసి వీడియో పంపండి. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు. డాక్టరుగారికి మాటిచ్చాను."

ఆమె వెళ్ళాక ఆయన తొట్టె ముందు కూర్చున్నాడు. పన్నెండయింది. అన్నం తిని మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ఒంటిగంటయింది. చెయ్యి మాత్రం కదల్లేదు.

"ఏంటండీ, పంపుతో పంతమా?" అంది భార్య.

"వేరే ఉపాయం ఏదో ఉంటుంది. ఎదురెదురుగా వదలడం ఏంటి, తెలివున్నవాడు చేసే పనేనా?"

ఆమె మిషను ఆపింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన కళ్ళముందే బండ్లు ఎదురెదురుగా గుద్దుకున్నది ఒక్కసారే. పాల వ్యాను, స్కూటరు. స్కూటరు మనిషి బతికాడు, కుంటుతూ తిరిగాడు. ఆ వారమంతా ఈయన అన్నం ముట్టలేదు. పై అధికారి నివేదికలో ఆ సంగతి రెండు వాక్యాల్లో ముగిసింది. ఈ ఇంట్లో మాత్రం ముగియలేదు.

ఆమె ఆ మాట ఎత్తలేదు. లేచి చీర కుచ్చిళ్ళు దోపుకుంది. "ప్లగ్గులు తియ్యండి. నేను తిప్పుతాను. మీరు అటు తిరిగి కూర్చోండి."

"నీకేం తెలుసు?"

"ఏమీ తెలీదు. అందుకే నాకు భయం లేదు."

ఆయన ప్లగ్గులు తీసి, తీగల తడి తుడిచి, అటు తిరిగాడు. ఆమె రెండు పంపులనూ రెండు పక్క అద్దాలకు అతికించింది. స్విచ్చి వేశాక చప్పుడు వినబడింది. ఆయన ఆగలేకపోయాడు, తిరిగి చూశాడు. ధారలు గుద్దుకున్నచోట ఇసుకలో గుంట పడుతోంది.

"అంత కిందికి పెడితే ఎలా? పైకి లాగు. ఇంకొంచెం. మూతులు పైకి ఎత్తు. ఆగు, ముందు కరెంటు తియ్యనీ!"

ఇక ఆయనే చొక్కా చేతులు మడిచాడు. బెత్తెడు పైకి లేపాడు, ఒకదాన్ని కాస్త పక్కకు వంచాడు. నీటి పైభాగం వణకడం మొదలుపెట్టింది. దుకాణమామె వదిలివెళ్ళిన సీసాలోంచి భార్య చిటికెడు పొడి వేసింది. పొడి మధ్యకు వెళ్ళి చెదిరిపోయింది. ఒక రవ్వ పైకి, ఒకటి కిందికి, ఒకటి వెనక్కి. రాళ్ళ వెనక దూరినవి తిరిగి బయటికొచ్చాయి. ఎవరూ వరసలో లేరు. ఎవరూ ఆగలేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

"ఇంకోసారి వెయ్యి," అన్నాడు.

ఐదుసార్లు వేయించాడు. చేపలు లేని తొట్టెకు అంత మేతేంటని ఆమె విసుక్కుంటే, చిన్న వలతో తేలినవన్నీ తీసేసి, రాళ్ళ వెనకున్న జిగటను గొట్టంతో లాగేసి, అప్పుడు వీడియో తీసి పంపాడు. ఎనిమిది నిమిషాలు తక్కువ నాలుగు.

ఫోను వెంటనే మోగింది. "రండి బాబాయిగారూ," అంది దుకాణమామె.

భార్యాభర్తలిద్దరూ వెళ్ళేసరికి ఆమె వల పట్టుకుని తొట్టె ముందు నిలబడి ఉంది. సన్నదాన్ని ఒక్క ముంచుతో పట్టేసింది. బొద్దుది మాత్రం దొరకలేదు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. రోజుకు వంద చేపలు పట్టే చెయ్యి అది.

విజిలాయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "తొందరేం లేదమ్మా."

"డాక్టరుగారు వచ్చేస్తారు."

"రానీ. నేను మాట్లాడతాను ఆయనతో. పెద్దపెద్దవాళ్ళని ఆపినవాణ్ణి."

"ఆపారా, సెల్యూట్ కొట్టారా?" అంది భార్య.

దుకాణమామె ఈసారి నవ్వాపుకోలేదు. నవ్వుతూనే వల ముంచింది, బొద్దుది వచ్చి పడింది. సంచికి ముడి వేసి, ఆయన చేతికివ్వబోయి, మళ్ళీ ఒకసారి వెలుతురుకు పెట్టి చూసుకుంది.

"శుక్రవారం దుకాణం మధ్యాహ్నం నుంచి మూసే ఉంటుంది," అంది ఎవరితోనో అన్నట్టు.

"అయితే భోజనానికే రా," అంది విజిలాయన భార్య. "ఈయన తొట్టె ముందు కూర్చుంటే కదలరు. నాకూ మాట్లాడే మనిషి కావాలి."