సుద్ద పూసిన బూట్లు

తడిసిన గుడ్డ బూట్లకు ఒక వాసన ఉంటుంది, సబ్బూ మట్టీ కలిసిన వాసన. ఈ ఉదయం మా అమ్మాయి బడి బూట్లు ఉతుకుతుంటే అది ముక్కుకు తగిలి సరోజక్క గుర్తొచ్చింది. తట్టాంచావడిలో మందుబిళ్లలు ప్యాక్ చేసే యూనిట్లో ఆమె మా సూపర్‌వైజరు. మా ఇద్దరివీ తరాలుగా పుదుచ్చేరిలో ఉన్న తెలుగు కుటుంబాలే. ఆమెకు తెలుగు చదవడం రాదు, కాబట్టి ఇదంతా ధైర్యంగా రాస్తున్నాను.

ప్యాకింగ్ హాల్లోకి తెల్ల క్యాన్వాస్ బూట్లతోనే వెళ్లాలి. నా మూడు నెలల ట్రయల్ ముగిసే రోజున, నన్ను పనిలో ఉంచాలో వద్దో తేల్చడానికి మేనేజరు స్వయంగా వచ్చి చూస్తాడన్నారు. ముందురోజు వానకు నా బూట్లు బురద కొట్టుకుపోయాయి. ఉతికితే తెల్లారేసరికి ఆరవని, నా తెలివితేటలన్నీ ఉపయోగించి, మరకల మీద సుద్దముక్క దట్టంగా రుద్దాను. హాలు గుమ్మం దగ్గరే నా అడుగులు తెల్లగా నేల మీద పడ్డాయి.

"ఏంది పాపా ఇది? మందులుండే చోట సుద్దపొడా?" అంది సరోజక్క. నాకు ఏడుపొచ్చింది. ఆమె నేల తుడిపించి, తన బూట్లు విప్పి నా ముందు పెట్టింది. "తొడుక్కో. నేను బయట అట్టపెట్టెల పని చూసుకుంటాలే."

సూపర్‌వైజరు హాల్లో ఎందుకు లేదని మేనేజరు అందరి ముందూ కేకలేశాడు. తన బూట్లు తడిశాయని చెప్పి ఆమె తల దించుకుంది. ఆమె బూట్లలో నిలబడి నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఉద్యోగం ఖాయమైంది. నామీద నాకే అసహ్యం వేసింది.

సాయంత్రం సరోజక్క నన్ను ముత్తియాల్‌పేటలోని తన ఇంటికి తీసుకెళ్లింది. తిడుతుందనుకున్నాను. నా బూట్ల తాళ్లు ఊడదీయించి, ఎండిన బురదను ముందు పొడి బ్రష్‌తో దులిపించింది. తర్వాత సబ్బు, పాత టూత్‌బ్రష్. "నురగ పోయిందని సుమ్మా, ఊరికే వదిలేయొద్దు. నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించు. సబ్బు మిగిలితే ఎండకి పసుప్పచ్చగా అయిపోతాయి" అంది. లోపల తెల్ల కాగితం కుక్కి, ఇంటికెళ్లాక నీడన ఆరబెట్టమంది. మేనేజరు మాట మాత్రం ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున్నే మేనేజరు గదికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఆయన నా ట్రయల్ ఇంకో రెండు నెలలు పొడిగించాడు. ఆ సంగతి సరోజక్కకు చెప్పాను.

"చెప్పేసినావా? సరే, బూట్లు బాగా ఆరినాయా?"

ఇప్పటికీ ఏదైనా తప్పు చేస్తే ఆ రోజే వెళ్లి చెప్పేస్తాను. చెప్పబోయే ముందు గుమ్మం దాకా వెళ్లి ఒకసారి వెనక్కి తిరుగుతాను. అది మాత్రం ఇన్నేళ్లయినా పోలేదు.