జానకీదేవి గారి నత్తో

జానకీదేవి గారు ముప్పై ఏళ్లకు పైగా న్యూజెర్సీలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేశారు. రోగి గొంతులోనో రక్తంలోనో ఏ క్రిమి చేరిందో చిన్న చిన్న పళ్లేల్లో పెంచి, చూసి చెప్పడం ఆవిడ ఉద్యోగం. వాటి వాసన చూడకూడదని నియమం. కానీ మూత తీయగానే వాసన దానంతటదే వచ్చి ముక్కుకు తగులుతుంది కదా! ఆ వాసనను బట్టే ఫలానా క్రిమి అని ఆవిడ సగం పోల్చేసేవారు. రిటైరయ్యాక ఆ విద్యకు పెద్దగా పని లేకపోయింది.

భర్త ఆదిశేషు గారు సివిల్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. సరదా మనిషే గానీ, తిండి దగ్గర మాత్రం ఎవరి మాటా వినరు. పప్పు, పచ్చడి, పెరుగు ఉంటే చాలు. ఏ ఊరు వెళ్లినా ముందు ఆవకాయ సీసా సర్దుకుని, ఆ తర్వాతే బట్టలు సర్దుకుంటారు.

పోయిన మార్చిలో వాళ్ల మనవరాలు అవనికి కాలిఫోర్నియాలో, టోరెన్స్ అనే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. కొత్త అపార్ట్‌మెంట్ సర్దిపెట్టే వంకతో ఇద్దరూ న్యూజెర్సీలోని పార్సిప్పనీ నుంచి బయల్దేరారు. అవని ఇంట్లో ఇంకా మంచం కూడా లేదు కాబట్టి దగ్గర్లోనే హోటల్‌లో దిగారు. ఆ ఊళ్లో జపాన్ కంపెనీలు ఎక్కువ. హోటల్ నిండా జపాన్ నుంచి వచ్చినవాళ్లే. పొద్దున టిఫిన్ల బల్ల మీద బ్రెడ్డు, పళ్లతో పాటు అన్నం, ఊరగాయ ముక్కలు, పేర్లు తెలియని చిన్న చిన్న గిన్నెలు బారులు తీరి ఉన్నాయి.

అన్నం కనపడగానే ఆదిశేషు గారి ప్రాణం లేచివచ్చింది. ఆవకాయ సీసా తీసి కూర్చున్నారు. జానకీదేవి గారు మాత్రం కాఫీ కప్పు పట్టుకుని నడుస్తున్నవారల్లా ఆగిపోయారు.

"ఏమండీ, ఈ వాసన నాకు తెలుసు."

"ఎవరో సాక్స్ విప్పినట్టున్నారు," అన్నారాయన.

పక్క బల్ల దగ్గర ఒక జపాన్ పెద్దాయన చిన్న గిన్నెలో ఏవో గింజల్ని పుల్లలతో గిరగిరా కలుపుతున్నాడు. పుల్లలు పైకెత్తితే తీగపాకం వచ్చినట్టు సన్నటి దారాలు సాగుతున్నాయి. జానకీదేవి గారు మొహమాటపడకుండా వెళ్లి అదేమిటని ఇంగ్లీషులో అడిగారు.

"నత్తో," అన్నాడాయన. సోయా గింజల్ని ఉడికించి, పులియబెట్టి చేస్తారట.

ఆ మాట ఇటు ఆదిశేషు గారి చెవిన పడింది. "నత్తలా! శివ శివా! జానకీ, ఇటు వచ్చెయ్!"

"నత్తలు కాదండీ, నత్తో. సోయా గింజలు."

"పేరులోనే నత్త ఉంటే ఇంకా గింజలేమిటి?"

అప్పటికే ఆవిడకు గుర్తొచ్చేసింది. గాలిలో, ధూళిలో, గడ్డిలో ఎక్కడ పడితే అక్కడ ఉండే ఒక క్రిమి. ల్యాబ్‌లో పిలవని పేరంటానికి వచ్చినట్టు పళ్లేల్లోకి దూరి పరీక్షలు పాడుచేసేది. దాని వాసన వస్తే చాలు, ఆ పళ్లెం చెత్తలోకి వెళ్లేది. ఇన్నేళ్లూ తను తిట్టుకుంటూ పారేసిన ఆ క్రిమినే వీళ్లు ముచ్చటగా పెంచి, పొద్దున్నే అన్నంలో కలుపుకుంటున్నారు! ఆవిడకు నవ్వాగలేదు. ఆ సంగతి చెబితే పెద్దాయన కూడా గిన్నె కింద పెట్టి మరీ నవ్వాడు.

ఆయన పేరు మోరి. తనూ ఒక డబ్బా తెచ్చుకుని, తాము శాకాహారులమని ఆవిడ చెప్పగానే, డబ్బాతో పాటు వచ్చే సాస్ పొట్లంలో చేప ఉంటుందని చెప్పి అది పక్కన పెట్టించాడు. ఆవపిండి పొట్లం ఒక్కటే చాలన్నాడు. ఎంత కలిపితే అంత రుచి అని దగ్గరుండి కలిపించాడు.

అప్పుడే లోపలికి వచ్చిన అవని ఆ గిన్నె చూసి బిగుసుకుపోయింది. "అమ్మమ్మా, ప్లీజ్ డోంట్. నా ఆఫీస్‌లో ఎవరో తిన్నారు. అందరం రూమ్ చేంజ్ చేశాం!"

"నువ్వూరుకో అవనీ. ఇది నాకు నీకంటే పాత పరిచయం."

మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే బెండకాయ జిగురు, వెనకాలే కొంచెం చేదు, ఆ తర్వాత కమ్మదనం. ఆవాల ఘాటుకు కళ్లు చెమర్చాయి. రెండో ముద్దకు ముందు భర్త దగ్గరి ఆవకాయలోంచి ఒక చెంచా నూనె వేసుకున్నారు. అది చూసి మోరి కూడా తన గిన్నె ముందుకు చాపాడు. ఒక ముద్ద తిని, ఆ సీసా ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. ఆదిశేషు గారు సీసాను మెల్లిగా తన వైపు లాక్కున్నారు.

పార్సిప్పనీ తిరిగొచ్చాక జానకీదేవి గారికి మనసు నిలవలేదు. ఎడ్జ్‌వాటర్‌లోని జపనీస్ స్టోర్‌కి భర్తతో డ్రైవ్ చేయించుకుని వెళ్లి ఒక నత్తో డబ్బా తెచ్చారు. సోయా గింజల్ని మెత్తగా ఉడికించి, అందులో తోడు పెట్టినట్టు ఆ నత్తో కాస్త కలిపి, వెచ్చదనం కోసం లైటు వేసిన అవెన్‌లో దాచారు. చలికాలం ఇడ్లీ పిండి పులియబెట్టేదీ అక్కడే. మర్నాటికల్లా గింజల మీద తెల్లటి పొర, కింద జిగురు. ఆవిడకు పరీక్ష పాసైనంత సంతోషం కలిగింది.

ఆ ఆదివారం ఇడ్లీలు వేద్దామని ఆదిశేషు గారు అవెన్‌లోంచి పిండి గిన్నె తీశారు. గరిటె ఎత్తితే పిండి కూడా లేచింది. వదిలించుకుందామంటే సాగింది.

"జానకీ! నీ నత్తలు నా పిండిలోకి పాకాయి!"

ఆవిడ వచ్చి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ కుర్చీలో కూలబడ్డారు. "ల్యాబ్‌లో ఒక్క ప్లేట్ కంటామినేట్ అయినా ఊరుకునేదాన్ని కాదండీ. సొంత వంటింట్లో ఎంత పని చేసుకున్నాను!"

ఆయన పిండి పారబోసి, బ్రెడ్డు కాల్చుకుని తిన్నారు. సాయంత్రం చెప్పకుండా బయటికి వెళ్లి, పెరుగు తోడుపెట్టే చిన్న ఎలక్ట్రిక్ మెషీన్ ఒకటి కొనుక్కొచ్చి గరాజ్‌లో పెట్టారు.

"దానికి ఇక్కడ వేరు కాపురం పెట్టించు. నా ఇడ్లీల జోలికి రానివ్వకు," అన్నారు.

తర్వాత నెలలో వాళ్లింట్లో, తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందు జరిగింది. జానకీదేవి గారు నత్తోకు ఆవాలు, ఇంగువ, కరివేపాకు తాలింపు పెట్టి బల్ల మీద ఉంచారు. సగం మంది అటువైపే రాలేదు. రియా అనే ఆవిడైతే కిటికీ తెరిచి అక్కడే నిలబడిపోయింది. పక్కవీధి శశికాంత్ మాత్రం రెండోసారి వడ్డించుకుని, "ఆంటీ, మాకొక డబ్బా ఇస్తారా? మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానిస్తే ఒట్టు, అయినా ఇవ్వండి," అన్నాడు. అలా అలా అడిగేవాళ్లు నలుగురైదుగురు తయారయ్యారు.

ఇప్పుడు ప్రతి శనివారం డబ్బాలు పంచేది ఆదిశేషు గారే. ఆయన ఇంతవరకూ ఒక్క గింజ నోట్లో పెట్టలేదు, పెట్టనని తేల్చి చెప్పేశారు. కానీ ఎవరి తలుపు తట్టినా, ఎంత సేపు కలపాలో, కొట్లో అమ్మే సాస్ ఎందుకు వేసుకోకూడదో, అన్నం ఎంత వేడిగా ఉండాలో అన్నీ తనే కనిపెట్టినట్టు వివరంగా చెబుతారు. డిసెంబరు మంచులో కారు అద్దాలన్నీ దించుకుని, చెవుల మీదికి టోపీ లాక్కుని, మెల్లగా వెళ్లే మనిషి కనపడితే అది ఆయనే.