మునగని థర్మాకోల్ ఓడ

చిన్నప్పుడు ఆరోగ్యం బాగాలేక నేను బడికి వెళ్ళలేదు. నౌకాదళం నుంచి వచ్చేశాక నాన్నే ఇంట్లో కూర్చోబెట్టి నాకు చదువు చెప్పారు. నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్ష. అలాంటి నాన్నను ఒక్కమాట అడక్కుండా ఆయన తరఫున నేను మాటిచ్చేశాను.

మణికొండలో మా అపార్ట్‌మెంట్‌వాళ్ళు నౌకాదళ దినోత్సవం చేద్దామనుకున్నారు. యుద్ధంలో శత్రువుల ఓడను ముంచినవాళ్ళలో మా నాన్న ఉన్నారని తెలిసి సంఘం కార్యదర్శి ఇంటికి వచ్చారు.

"అక్కా, సార్‌తోని పిల్లలకు ఆ ముచ్చట జర చెప్పియ్యాలె."

"తప్పకుండానండి" అన్నాను, గర్వంగా. ఇన్నేళ్ళలో నాన్న ఇంట్లో కూడా ఆ సంగతి ఎత్తలేదని కార్యదర్శి వెళ్ళాక గాని గుర్తురాలేదు. నాన్నకు చెబితే, "మాటిచ్చావుగా, వెళ్దాంలే" అన్నారు. కార్యక్రమానికి ముందు రెండు రోజులూ అన్నం కెలికి వదిలేశారు. నేను దేవుడి ముందు దీపం పెట్టి, ఆయన్ని నొప్పించకు స్వామీ అని మొక్కుకున్నాను.

ఆదివారం పొద్దున అందరూ ఈతకొలను చుట్టూ చేరారు. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు కొందరు థర్మాకోల్‌తో ఓడ చేసి, రంగులేసి నీళ్ళలో వదిలారు. నాన్న కథ చెబుతుంటే పిల్లలు బంతులతో కొట్టి దాన్ని ముంచాలట. పిల్లలు ఆగితేనా! ముందే మొదలుపెట్టారు. ఓడ ఒరిగేది, మళ్ళీ తేలేది.

"ఇదేంది, మునుగుతలేదు?" అన్నారు కార్యదర్శి.

"థర్మాకోల్ ఎట్ల మునుగుతది? ఇంతమంది ఇంజినీర్లున్నరు, గింత తెల్వదా?" అంది ఆయన భార్య.

అంతా నవ్వారు. నాన్న నవ్వలేదు. మైకు అందుకున్నారు.

"నేను రాడార్ దగ్గర ఉండేవాణ్ణి. ఆ ఓడ నా కంటికి కనబడలేదు. తెరమీద చుక్క, అంతే. క్షిపణి వెళ్ళింది. కాసేపటికి చుక్క లేదు. అందరం జై కొట్టాం. అందరికన్నా గట్టిగా అరిచింది నేనే."

చప్పట్లు మోగాయి. నాన్న చెయ్యెత్తి ఆపారు.

"కొద్దిరోజులకే అవతలివాళ్ళు మన ఓడ ఒకదాన్ని ముంచారు. నాతోపాటు చేరిన స్నేహితుడు అందులో పోయాడు. అప్పుడు అనిపించింది, అక్కడ కూడా ఎవడో నాలాగే అరిచి ఉంటాడని."

ముందు వరసలో కూర్చున్న చిన్నపాప అడిగింది. "అయితే ముంచకుండా ఉండాల్సిందా తాతా?"

"లేదమ్మా. ముంచకపోతే మనవాళ్ళు పోయేవాళ్ళు. ఆ రోజు మళ్ళీ వస్తే మళ్ళీ ముంచుతాను. అరవను, అంతే."

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాప వంగి ఓడను గట్టుకు లాక్కుని, తడి తుడిచి, ఒళ్ళో పెట్టుకుంది.

ఇంటికొచ్చాక, "తప్పు చేశాను నాన్నా" అన్నాను.

"పోన్లే. నీ పుణ్యమా అని ఒకసారి పైకి అనగలిగాను" అన్నారు.

ఆ రోజు రాత్రి రెండోసారి పెట్టించుకుని తిన్నారు.

అమావాస్యకు తర్పణం వదిలేటప్పుడు తాతముత్తాతల తర్వాత స్నేహితుడి పేరు చెప్పి ఒక దోసిలి వదలడం నాన్నకు అలవాటు. ఆ తర్వాత పేరేమీ చెప్పకుండా మరొకటి వదులుతారు. అది ఎవరికని నేనెప్పుడూ అడగలేదు. ఆ నెల కూడా అడగలేదు. నువ్వుల గిన్నె అందించి, ఆ పేరులేని దోసిలి దగ్గర నేనూ చేతులు జోడించాను.