ఇస్త్రీ మచ్చ బొంత

కుల్సుం కొత్తబట్టతో బొంత కుట్టదు. కొత్తది ఒంటికి గుచ్చుకుంటుందని ఆమె నమ్మకం. ఏళ్ళ తరబడి ఉతికి ఆరేసి, సబ్బుకీ ఎండకీ లొంగిపోయిన చీరే కావాలి. బెంజ్ సర్కిల్ వెనక సందులో జాకెట్లు కుట్టే ఈ మనిషి బతకడానికి మిషను తొక్కుతుంది, స్నేహానికి మాత్రం చేత్తో సూది పడుతుంది. ఇప్పటికి ముప్ఫైరెండు బొంతలు కుట్టింది, ఒక్కటీ అమ్మలేదు. బాలింతకొకటి, మొగుడు పోయినామెకొకటి, ఉద్యోగం ఊడి మంచమెక్కిన కండక్టరుకొకటి. ఓ షాపాయన అమ్మకానికి అడిగితే, "కప్పుకునేవాళ్ళెవరో తెలియకుండా నాకు కుట్టు పడదండీ" అని పంపేసింది.

ముప్ఫైమూడోది శాంతకుమారి టీచరు కోసం. ఆమెకు రెండు మోకాళ్ళూ మార్చాలన్నారు. ఆఫీసర్లను గడగడలాడించిన టీచరు, ఆస్పత్రి ఏసీ చలి తలుచుకుని ఇంట్లోనే వణుకుతోంది. ఆపరేషను సోమవారం. ఆదివారానికల్లా బొంత ఆమె ఒళ్ళో పడాలి, అప్పటిదాకా తెలియకూడదు. అందుకని కుల్సుం, టీచరు కోడలు అపూర్వను సందు మలుపులో పట్టుకుని, అత్తగారు కట్టడం మానేసిన మెత్తటి చీరలు తెచ్చిపెట్టమంది. అపూర్వకు ఇలాంటి గూఢచారి పనులంటే మహా సరదా. సాయంత్రానికల్లా కూరగాయల సంచిలో, పైన తోటకూర కట్ట కప్పి మరీ తెచ్చింది. కుల్సుం వచ్చినవి వచ్చినట్టే జానెడేసి చదరాలుగా కత్తిరించేసింది.

ఆఖరి ముక్కలో పాత రఫ్ఫు కుట్టు కనబడి కత్తెర ఆగింది. ఆ కుట్టు తనదే.

ఇరవయ్యేళ్ళ కిందట కాంట్రాక్టు టీచర్లు ధర్నా టెంటు వేసుకున్నది కుల్సుం పాత కొట్టు ఎదురుగానే. కంకిపాడు నుంచి రోజూ బస్సులో వచ్చి కూర్చునే శాంతకుమారిని పోలీసులు వ్యానెక్కించబోతే ఆకుపచ్చ చీర కొంగు చిరిగింది. ఆవిడ ఆ కొంగుతోనే నినాదాలిస్తుంటే కుల్సుం సూదీదారం పట్టుకెళ్ళి, "నోరు మీ పని కొంగు నా పని, కాస్త కదలకండి" అని నిలువుకాళ్ళ మీదే కుట్టేసింది. వాళ్ళ స్నేహం అక్కడ మొదలైంది.

పోనీలే, ఇప్పుడు కట్టడం లేదేమో అని సర్దిచెప్పుకుంటుండగానే టీచరు ఫోను. ధర్నా చీర కట్టుకుని ఆస్పత్రికి వెళ్దామనుకుందట, ఇస్త్రీకి వేసిందట, ఎక్కడా కనపడటం లేదట. చెబితే సంబరం పాడు, పైగా టీచరు మళ్ళీ ముఖం చూస్తుందో లేదో. వెతకండి టీచరు గారూ అని ఫోను పెట్టేసింది.

టీచరు "ఇస్త్రీకి వేశాను" అన్న మాట వాళ్ళ అపార్ట్‌మెంట్ సెక్రటరీ దుర్గాప్రసాద్ చెవిన పడింది. గేటు పక్కన ఫిలిప్ ఇస్త్రీ బండి తీయించి అక్కడ కారు పెట్టుకోవాలని ఆయనకు ఎన్నాళ్ళుగానో ఉంది. మన అపార్ట్‌మెంట్లలో ఏది పోయినా ముందు గుర్తొచ్చేది కింద నిలబడి పనిచేసేవాడే, లిఫ్టెక్కేవాళ్ళు ఒక్కరూ గుర్తురారు. చీర ఫిలిపే కాజేశాడని ఆదివారం పొద్దున పార్కింగులో మీటింగన్నారు. ఫిలిప్ బండి ఉంటుందా ఊడుతుందా అన్నదే అజెండా.

ఆ కబురు అందగానే కుల్సుం ఇంకా కుట్టు ముగియని బొంతను భుజాన వేసుకుని, సూది వేలాడుతుండగానే పరుగెత్తింది. తిన్నగా వెళ్ళి ఫిలిప్ బండి మీద పరిచింది.

"దొంగని నేనేనండీ. తమ్ముడిని వదిలేయండి."

టీచరు వంగి చూసింది. ఆమె వేళ్ళు చదరం చదరం తడుముకుంటూ పోయి రఫ్ఫు కుట్టు దగ్గర ఆగాయి. భుజాలు అదిరాయి. ఏడుస్తోందనుకుని కుల్సుం కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి టీచరు బండి పట్టుకుని, మోకాళ్ళు వద్దంటున్నా, విరగబడి నవ్వుతోంది.

"పోలీసులు కొంగే చింపారే. నువ్వు చీరంతా చింపావు. వాళ్ళకంటే నీకే కక్షెక్కువ కుల్సుం."

అపూర్వ నాలుక కరుచుకుంది. "ధర్నా చీర ధర్నా చీర అంటుంటే పట్టుచీరేమో అనుకున్నా అత్తయ్యా. మసిగుడ్డలా ఉందని ఇస్త్రీ మూటలోంచి తీసి ఇచ్చేశా."

దాంతో పార్కింగంతా గొల్లుమంది. ఆ సందట్లో దుర్గాప్రసాద్ లిఫ్టు వైపు జారుకోబోతే టీచరు ఆపింది. మీటింగు అవలేదంది. నోరు జారింది తనే కాబట్టి క్షమాపణ కాగితం మీద మొదటి సంతకం తనదే, రెండోది సెక్రటరీదని అంది.

ఫిలిప్ ముందుకొచ్చి అన్నాడు: "క్షమాపణలెందుకండీ మేడం గారూ. బండి ఇక్కడే ఉంటుందని రాసివ్వండి చాలు."

సెక్రటరీ పెన్ను రాయనని మొరాయించింది. బట్టల మీద గుర్తులు పెట్టే పెన్ను ఫిలిప్ అందించాడు, ఎన్నిసార్లు ఉతికినా పోదని భరోసా ఇస్తూ.

బొంత నడుమ ఇంకా ఒక చదరం ఖాళీ. బండి మీద పరిచిన పాతగుడ్డలోంచి ఓ ముక్క ఇమ్మని కుల్సుం ఫిలిప్‌ని అడిగింది. దాని నిండా ఇస్త్రీపెట్టె మచ్చలే అక్కా అని అతను సిగ్గుపడ్డాడు. ఆమె తడిమి చూసింది. తన బొంతలన్నింటిలో ఇంత మెత్తటి గుడ్డ పడలేదు. గోధుమరంగు మచ్చ సరిగ్గా నడిమధ్యకు వచ్చేలా కత్తిరించింది.

సోమవారం పొద్దున టీచరెక్కిన ఆటో ఇస్త్రీ బండిని ఒరుసుకుంటూ గేటు దాటింది. ఇంకొంచెం కుడికి అంటూ దారి చూపించింది దుర్గాప్రసాదే. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఎండ నిప్పులు కక్కుతోంది. చెమటలు కారుతున్నాయి, బొంత తీయండి అని కుల్సుం బతిమాలింది. టీచరు వినలేదు. పక్క ఆటోవాళ్ళకు మచ్చ కనబడేలా మోకాళ్ళ మీద ఇంకా బాగా పరుచుకుంది.