కుడి అంటూ ఎడమ కాలు

మేం శిక్షణలో చేరేనాటికి మాది ఆంధ్ర రాష్ట్రం, రాజధాని కర్నూలు. సర్టిఫికెట్టు చేతికి వచ్చేసరికి ఆంధ్రప్రదేశ్ అయింది, రాజధాని హైదరాబాదుకు పోయింది. ఆ మధ్యలో రెండేళ్లు నేను ప్రొద్దుటూరులో ఒక పాత శనక్కాయల గోడౌనులో నడక నేర్చుకున్నాను. ఈ మాట చెబితే నవ్వేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నవ్వుకోనీ.

అది బళ్లలో నాట్యం నేర్పే టీచర్లను తయారుచేసే కోర్సు. నాట్యమంటే గజ్జెలూ జడకుచ్చులూ ఉన్న పాత నాట్యం కాదు. అప్పుడప్పుడే వస్తున్న కొత్త పద్ధతి. గజ్జెలు లేవు, పాట లేదు. ఒట్టి కాళ్లు, ఒక డప్పు, అంతే. ఒళ్లు ఎలా కదిలితే ఏ భావం పుడుతుందో చూసుకుంటూ నేర్చుకోవాలి. మా టీచరమ్మ ఉత్తరాదిలో ఎక్కడో ఏళ్ల తరబడి ఉండి దాన్ని నేర్చుకుని వచ్చింది. కొంగు నడుముకు బిగించి నిలబడిందంటే ఇక దయాదాక్షిణ్యాలు లేవు. మొదటి మూడు నెలలూ మాకు నడక తప్ప ఇంకేమీ చెప్పలేదు. మడమ ముందు ఆనాలా, వేళ్లు ముందు ఆనాలా, ఒంటి బరువు ఏ కాలి మీది నుంచి ఏ కాలి మీదికి ఎప్పుడు పోతుంది, ఇవే పాఠాలు. కింద కడప బండలు, పైన రేకులు. మే నెలలో ఆ బండల మీద నడిచినవాళ్లకు భావం దానంతటదే పుట్టేది.

ఆరుగురం చేరాం. పులివెందుల నుంచి వచ్చిన అమ్మాయిని మూడో నెలలో వాళ్ల మేనమామ వచ్చి తీసుకుపోయాడు.

"నడిచేదానికి ట్రైనింగేంది? మా పాప ఏడాదికే నడిచింది" అని టీచరమ్మ మొహం మీదే అన్నాడు. మేం నవ్వు ఆపుకోలేకపోయాం. టీచరమ్మ మాత్రం నవ్వలేదు, మమ్మల్ని ఆ రోజు ఇంకో గంట నడిపించింది.

డప్పు వాయించడానికి ఒక దూదేకులాయన వచ్చేవాడు. మేమంతా మామా అని పిలిచేవాళ్లం. పీర్ల పండగకు వాయించే చెయ్యి ఆయనది. మిగతా రోజుల్లో పరుపులు కుట్టేవాడు. మా అడుగు తప్పితే టీచరమ్మ కంటే ముందు ఆయనకే తెలిసేది. డప్పు ఆపేసి మా కాళ్ల వైపు చూసేవాడు.

మా నాయన బట్టల అంగట్లో గుమాస్తా. నన్ను పంపడానికి ఒప్పుకునేటప్పుడే ఒక మాట అన్నాడు. "రెండేండ్లు, పాపా. ఒక్కసారే పరీచ్చ. పాసై బళ్లో పని దొరికిందా, నువ్వేం జేసినా నేనడగను. తప్పినావా, ఇంగ డ్యాన్సు మాట ఈ ఇంట్లో ఎత్తగూడదు."

మా నాయన మాట తప్పే మనిషి కాదు. అంగడికి వచ్చేవాళ్లు "మీ పాప యాడనో ఎగురుతాందంట గదప్పా" అని ఎకసెక్కాలాడేవాళ్లట. ఆయన బట్ట కొలుస్తూ ఊరుకునేవాడట. ఇంటికొచ్చి నాకు చెప్పేవాడు కాదు, అమ్మకు చెప్పేవాడు, అమ్మ నాకు చెప్పేది. ఆయన నా కోసం పడుతున్న మాటలు నాకు తెలుసు. ఒక్క పరీక్ష పోతే నా నాట్యమూ పోతుందనీ తెలుసు. అప్పటికి ఆ డప్పు మోత లేకుండా బతకలేనన్నంత పిచ్చి పట్టింది నాకు.

రెండో ఏడాది బోధన నేర్పారు. బడిలో టీచరు పిల్లలకు వీపు చూపించకూడదన్నది ట్రైనింగులో గట్టి నియమం. అంటే ఎదురుగా నిలబడే నేర్పాలి. కానీ ఎదురుగా నిలబడి నేను కుడి కాలు ఎత్తితే, అద్దంలో చూసుకున్నట్టు పిల్లలు ఎడమ కాలు ఎత్తుతారు. అందుకని నోటితో కుడి అంటూ మేం ఎడమ కాలు ఎత్తాలి. ఎడమ అంటూ కుడి కాలు ఎత్తాలి. టీచరమ్మ దీన్ని ఏడాది పొడుగునా మా చేత రుద్దించింది. బస్టాండు దగ్గర ఒక పెద్దాయన "రాజుపాళెం బస్సు యాడమ్మా?" అని అడిగితే, "కుడి పక్క" అని ఎడమ చెయ్యి చూపించాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి వేరేవాళ్లను అడగడానికి పోయాడు.

పరీక్ష జమ్మలమడుగులో, ఆడపిల్లల బడిలో పెట్టారు. ఒక్కొక్కరం ముప్పై మంది పిల్లలకు ఒక పాఠం చెప్పి చూపించాలి. పరీక్షాధికారి నల్లకోటు వేసుకుని, నా వెనకాల కుర్చీలో, పిల్లలకు ఎదురుగా కూర్చున్నాడు. ఆయనకు నాట్యం గురించి పెద్దగా తెలియదు గానీ బళ్ల గురించి బాగా తెలుసు. మామ ఒక మూల డప్పు పట్టుకుని కూర్చున్నాడు.

నా పాఠం బాగానే మొదలైంది. కుడికి నాలుగడుగులు, ఎడమకు నాలుగు, అక్కడే ఒక తిప్పు. పిల్లలు చక్కగా అందుకున్నారు. నాకు ధైర్యం వచ్చింది. అప్పుడు ఆయన, "అమ్మా, ఇప్పుడు మీరు కూడా ఇటు తిరిగి, వాళ్ల ముందు నిలబడి చేయించండి. అందరూ కలిసి చేస్తే ఎలా ఉంటుందో చూస్తాను" అన్నాడు.

ఆయన వైపు తిరిగాను. ఇప్పుడు పిల్లలు నా వీపు చూస్తున్నారు. ఇప్పుడు కుడి అంటే కుడి వైపే పోవాలి. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఏడాది పాటు రుద్దిన కాలు నా మాట వినలేదు. "కుడి" అని గట్టిగా అని ఎడమకు పోయాను. వెనక సగం మంది నా నోటిని నమ్మారు, సగం మంది నా కాళ్లను నమ్మారు. ఒకరికొకరు గుద్దుకున్నారు. ఇద్దరు కింద పడ్డారు. డప్పు ఆగిపోయింది.

వెనక్కి తిరిగాను. ముందు వరుసలో ఒక బక్కపిల్ల, పదేళ్లుంటాయి, కుడి వైపుకు సరిగ్గా పోయి నిలబడి ఉంది. "టీచర్, మీరు కుడి అని ఎడంపక్కకు పోతాండారు" అంది. వెటకారం లేదు ఆ గొంతులో. చూసింది చెప్పింది, అంతే.

పరీక్షాధికారి కలం మూత తీయడం నాకు వినపడింది. మా నాయన మాట గుర్తొచ్చింది.

"నోర్ముయ్! కుడేదో ఎడమేదో తెలీనిదానివి, నాకు చెప్తావా? పో, పొయ్యి గోడకాడ కూచో" అన్నాను.

ఆ పిల్ల తన కుడి చెయ్యి ఒకసారి చూసుకుంది. పోయి గోడ దగ్గర కూర్చుంది. మిగతా పిల్లలు తమంతట తామే వరసల్లోకి వచ్చేశారు. మళ్లీ మొదటి నుంచి, ఒళ్లు దగ్గర పెట్టుకుని చేయించాను. ఈసారి ఏ తప్పూ రాలేదు. తరగతిని అదుపులో పెట్టగలదని ఆయన నా గురించి రాశాడని తరువాత టీచరమ్మ చెప్పింది.

తిరుగు బస్సులో మామ నా ముందు సీటులో కూర్చున్నాడు. ఊరు దాటాక వెనక్కి తిరిగి, "అమ్మా, ఆ పాప చెప్పిందే నిజం గదా" అన్నాడు.

"తెలుసు మామా."

"తెల్సీ అట్లన్నావా?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆయన ముందుకు తిరిగి డప్పు ఒళ్లో సర్దుకున్నాడు.

పాసయ్యాను. మా నాయన సర్టిఫికెట్టును అంగడికి తీసుకుపోయి, వచ్చినవాళ్లందరికీ చూపించి, సాయంత్రం భద్రంగా తెచ్చి ఇచ్చాడు. పశ్చాత్తాపంతో కుమిలిపోయానని రాస్తే అబద్ధమవుతుంది. ఆ పిల్ల సంగతే మరచిపోయి సంబరంగా తిరిగాను.

ఉద్యోగం ఆ జమ్మలమడుగు బళ్లోనే ఇచ్చారు. మొదటి రోజు పిల్లలను వరుసల్లో నిలబెడుతుంటే, ఆ బక్కపిల్ల ఎవరూ చెప్పకుండానే పోయి గోడ దగ్గర కూర్చుంది. పిలిచాను, రాలేదు. మర్నాడూ అంతే. రెండో వారంలో ఒకరోజు, మిగతా పిల్లలంతా ఇళ్లకు పోయాక, ఆ పిల్లను ఆపి పక్కన కూర్చున్నాను.

"ఆ పొద్దు తప్పు నాదే. నువ్వు చెప్పిందే కరెక్టు" అన్నాను.

"నాకు తెల్సు టీచర్. ఆ పొద్దే తెల్సు."

"మరి వరసలోకి ఎందుకు రావు?"

ఆ పిల్ల పలక సంచిలో పెట్టుకుంటూ, "అందురూ ఉన్నెప్పుడు నాకు తెలీదన్నారు. ఇప్పుడు ఎవురూ లేనప్పుడు చెప్తాండారు" అంది. సంచి భుజాన వేసుకుని పోయింది.

మర్నాడు ముప్పై మంది పిల్లల ముందు నిలబడ్డాను. ఆ పిల్ల గోడ దగ్గర నుంచి నా వైపే చూస్తోంది. వరండాలో హెడ్‌మిస్ట్రెస్ నిలబడి ఉంది, నాకు ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఆ పొద్దు తప్పు నాదేనని అందరి ముందూ చెప్పాలనే నోరు తెరిచాను.

"వరసలో నిలబడండి" అన్నాను.